పుట్టింటికి వచ్చేసిన చెల్లెలికి షాపు కంటే ముందు కావాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ పిన్ని కూతురు భర్త దెబ్బలు తట్టుకోలేక ఇద్దరు బడిపిల్లలతో కావలి దగ్గర పుట్టింటికి వచ్చేసింది. పదో తరగతి పాసైంది. టంగుటూరు వైపు అత్తగారింట్లో ఉన్నన్నాళ్లూ పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లేది, కూలి డబ్బులు మాత్రం భర్తే తీసుకునేవాడు. మీరంతా తలా కొంత వేసుకుని లక్ష రూపాయలు పోగు చేశారు. దానికి ఇంకో లక్ష లోను కలిపి కుట్టు మిషన్లు కొని షాపు పెట్టిస్తే ఆమె తన కాళ్ల మీద తాను నిలబడుతుందా అని అడిగారు.

నా సమాధానం: షాపు ఇప్పుడే వద్దు, లోను అసలే వద్దు. ముందు ఆమె పేరున, ఆమె ఫోన్ నంబరుతో, భర్తకు ఏ సంబంధమూ లేని బ్యాంకులో ఒక కొత్త ఖాతా తెరిపించండి. ఆ తర్వాత కనీసం ఒక ఏడాది పాటు నెల తిరిగేసరికి జీతం వచ్చే పని చూసుకోవాలి. కోర్టు పని దాని పక్కనే నడుస్తుంది. మీ లక్ష ఆమె పేరునే ఉండాలి, కానీ కదలకూడదు. మిషన్ల సంగతి ఆ ఏడాది గడిచాక మాట్లాడుకోవచ్చు.

నేను నెల్లూరు జిల్లాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం పొదుపు సంఘాల లోన్లే చూశాను. ఇప్పుడు న్యాయ సేవాధికార సంస్థ తరఫున పారా లీగల్ వాలంటీరుగా, అంటే చట్టపరమైన పనుల్లో సాయం చేసే మనిషిగా, ఇలాంటి ఆడపిల్లల వెంట బ్యాంకులకూ కోర్టులకూ తిరుగుతుంటాను. నేను చూసినంతలో, దెబ్బలు తినే ఇళ్లలో ఆడవాళ్లకు సంపాదన లేకపోవడం అన్నది చాలాసార్లు నిజం కాదు. మీ చెల్లెలినే చూడండి, ఆమె పని చేస్తూనే ఉంది కదా. కరువైంది సంపాదన కాదు, సంపాదించింది ఆమె చేతిలో నిలిచే దారి. ఆ దారి వేయకుండా షాపు పెట్టిస్తే షాపు గల్లా పెట్టె కూడా ఇంకొకరి చేతికే పోతుంది. 2005 గృహహింస చట్టం కూడా సంపాదన లాక్కోవడాన్ని, ఖర్చులకు ఇవ్వకపోవడాన్ని, నగలు అమ్మేయడాన్ని ఆర్థిక వేధింపు కింద, అంటే హింస కిందే లెక్కగట్టింది. కొట్టిన మచ్చ లేకపోయినా సరే.

ఇది మన జిల్లావాళ్లకు తెలియని విషయమేం కాదు. దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి లెక్కన పొదుపు మొదలైంది. సారా అంగడికి పోయే కూలి డబ్బు ఇంటి ఆడమనిషి పేరున పాసుబుక్కులో పడటమే అందులో అసలు మార్పు. మీ చెల్లెలికి మీరు చేయాల్సింది కూడా అక్కడినుంచే మొదలవుతుంది.

ఖాతా, ఫోను, ఆధార్: ఈ మూడూ ఒకే వారంలో అయిపోవాలి.

మొదట సిమ్. ఇప్పుడు వాడుతున్న సిమ్ ఎవరి పేరున ఉందో చూడండి. భర్త పేరున ఉంటే అతను ఏ రోజైనా డూప్లికేట్ సిమ్ తీసుకోగలడు, ఆ నిమిషం నుంచి ఆమె ఓటీపీలన్నీ అతనికే పోతాయి. ఆమె పేరున కొత్త సిమ్ తీసుకోండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి అక్కడ తెలియని ఫోను గానీ కంప్యూటరు గానీ కనిపిస్తే తీసేయండి. గూగుల్ ఖాతా అతను తెరిచి ఇచ్చిందైతే కొత్తది తెరవండి, పాత ఫోనులో లొకేషన్ షేరింగ్ ఆపేయండి.

తర్వాత ఆధార్ కేంద్రానికి వెళ్లి మొబైల్ నంబరు మార్పించండి. పాత నంబరుకు వచ్చే ఓటీపీ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. అదే రోజు చిరునామా కూడా పుట్టింటికి మార్పించుకుంటే మంచిది, దానికేం కాగితం కావాలో ముందే కనుక్కుని వెళ్లండి. అంగన్‌వాడీ పోస్టుల్లాంటి వాటికి ఆ ఊరి నివాసి అయి ఉండాలని అడుగుతారు. పైగా పాత చిరునామా ఉంచితే బ్యాంకు ఉత్తరాలన్నీ అత్తగారింటి గడపకే చేరతాయి.

ఆ తర్వాతే ఖాతా. పాత ఖాతా ఉన్న బ్రాంచిలో వద్దు, వీలైతే అసలు ఆ బ్యాంకే వద్దు. జన్‌ధన్ కింద జీరో బ్యాలెన్స్ ఖాతా తెరుస్తారు. ఫారంలో నామినీ అన్న గడి దగ్గర చాలామంది అలవాటు కొద్దీ భర్త పేరు రాసేస్తారు. మీ చెల్లెలు ఎవరి పేరు రాయాలనుకుంటుందో ముందే ఆలోచించుకుని వెళ్లాలి. పిల్లల పేరు రాస్తే, వాళ్లు మైనర్లు కాబట్టి వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్ద మనిషి పేరు కూడా రాయాలి.

చాలామంది ఇక్కడ ఒకటి వదిలేస్తారు. కొత్త ఖాతా తెరిచినంత మాత్రాన ప్రభుత్వం వేసే డబ్బు అందులోకి రాదు. అది ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయి, అంటే ముడిపడి ఉంటే అక్కడికే పోతుంది. బుచ్చిరెడ్డిపాళెం వైపునుంచి నా దగ్గరికి వచ్చిన ఒకామెకు కొత్త ఖాతా, కొత్త ఏటీఎం కార్డు అన్నీ ఉన్నాయి. తల్లికి వందనం డబ్బు మాత్రం రాలేదు. స్కూల్లో అడిగితే పడింది అంటున్నారు, పాసుబుక్కులో చూస్తే లేదు. తీరా చూస్తే ఆధార్ పాత జాయింట్ ఖాతాకే మ్యాప్ అయి ఉంది. పిల్లవాడి పేరున తల్లికి వచ్చిన 13,000 రూపాయలు తండ్రి ఏటీఎంలో తీసేసుకున్నాడు. కొత్త బ్యాంకులో ‘ఆధార్ సీడింగ్, డీబీటీ (ప్రభుత్వం నేరుగా ఖాతాలో వేసే డబ్బు) ఇక్కడికి మార్చండి’ అని ఒక్క ఫారం ఇచ్చి ఉంటే సరిపోయేది. మీరు ఖాతా తెరిచిన రోజే ఆ ఫారం ఇచ్చేయండి.

ఆమెతోనే ఏటీఎంకు కూడా వెళ్లాను. పిన్ నొక్కుతుంటే చెయ్యి వణికింది. ఐదు వందల నోటు బయటికి రాగానే తీసుకోకుండా నా వైపు తిరిగి, “ఇప్పుడు ఆయనకి మెసేజ్ పోయిందా మేడమ్?” అని అడిగింది. ఇన్నాళ్లూ పోయేది కదా! పోలేదని ఆమె ఫోనులో వచ్చిన మెసేజ్ చూపించాక గానీ నోటు తీసుకోలేదు. మీ చెల్లెలికి కూడా కార్డు వాడటం మీరు నేర్పించండి, కానీ ఆమె బదులు మీరు వాడొద్దు.

పాత జాయింట్ ఖాతా ఉంటే అది సాధారణంగా ‘ఇద్దరిలో ఎవరైనా’ తీసుకునే పద్ధతిలో ఉంటుంది. అంటే అతను మొత్తం ఊడ్చేయగలడు. ఆ ఖాతాలో లావాదేవీలు ఆపమని ఆమె బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. సంతకం చేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోండి. తర్వాత కోర్టులో పనికొస్తుంది.

ఆమె పేరున ఉన్న అప్పులు వెలికి తీయండి. ఇది మీ ప్రశ్నలో లేదు, కానీ నా అనుభవంలో చాలామందిని మళ్లీ ఆ ఇంటికి లాక్కెళ్లేది ఇదే. అత్తగారి ఊర్లో ఆమె పొదుపు గ్రూపులో సభ్యురాలై ఉంటుంది. గ్రూపుకు బ్యాంకు ఇచ్చే లింకేజీ లోను, పొదుపు సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి లోను ఆమె వాటాకు వచ్చి ఉంటాయి. డబ్బు వాడుకున్నది అతను, కిస్తీ కట్టాల్సింది ఆమె. ఆమె కట్టకపోతే మిగతా సభ్యుల లోను ఆగిపోతుంది కాబట్టి వాళ్లు ఫోన్లు చేస్తారు, ‘నీ వల్ల మా అందరికీ ఇబ్బంది’ అంటారు. ఆ మాటకు తలవంచి వెనక్కి వెళ్లినవాళ్లను చూశాను.

అందుకని వాళ్లు పిలిచేదాకా ఆగకుండా మీరే ముందు వెళ్లండి. ఆ ఊరి గ్రామ సంఘం సహాయకురాలిని, మండల సమాఖ్యలో సీసీని (గ్రూపులను చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటరును) కలిసి విషయం చెప్పండి. ఆమె పేరున పొదుపు ఎంత ఉంది, అప్పు ఎంత ఉంది, రెండూ కాగితం మీద రాయించుకోండి. పొదుపును అప్పులో సర్దుబాటు చేసుకుని మిగిలినదానికి చిన్న కిస్తీలు అడగవచ్చు. గ్రూపు ఆడవాళ్లు శత్రువులు కారు. వాళ్లలో సగంమందికి మీ చెల్లెలి ఇంట్లో ఏం జరిగేదో తెలుసు. మర్యాదగా, లెక్కతో వెళితే దాదాపు ప్రతిసారీ దారి దొరికింది. ఆ లెక్క తేలాక పుట్టింటి ఊర్లో కొత్త గ్రూపులో చేర్పించండి.

ప్రైవేటు మైక్రోఫైనాన్సు అప్పులైతే ఇంకో రకం. వాళ్ల మనుషులు పుట్టింటికి కూడా వస్తారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదు, ఫోన్ చేయకూడదు, తిట్టకూడదు, బెదిరించకూడదు. వచ్చినవాళ్ల పేరు, కంపెనీ పేరు, వచ్చిన టైము రాసి పెట్టుకోండి. ఆమెకు తెలియకుండా ఆమె పేరున ఇంకేమైనా తీశాడేమో తెలియాలంటే సిబిల్ రిపోర్టు తీయండి, ఏడాదికి ఒకసారి ఉచితం. ఎవరికైనా ష్యూరిటీ సంతకం పెట్టి ఉంటే అది కూడా అందులో కనిపించవచ్చు. ఎంత అప్పు నెత్తిన ఉందో తెలియకుండా ఇంకో లక్ష లోను తీయించాలనుకున్నారు కాబట్టే అసలే వద్దన్నాను.

నగలు. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టినవీ, అటువైపు వాళ్లు ఆమెకు పెట్టినవీ స్త్రీధనం. అవి ఆమె సొత్తు, భర్త దగ్గర ఉన్నా ఆమెవే. 1985లో సుప్రీంకోర్టు ప్రతిభారాణి కేసులో ఇది తేల్చి చెప్పింది. పెళ్లి ఫొటోల్లో మెడలో, చేతులకు ఏవున్నాయో చూసి జాబితా రాయండి. చేయించిన అంగడి బిల్లులుంటే ఇంకా మంచిది. అతను వాటిని కుదువ పెట్టి ఉంటే ఎక్కడ పెట్టాడో కనుక్కోండి, వేలానికి పోకముందే కోర్టు దృష్టికి తేవాలి.

కోర్టు సంగతి, డబ్బు వరకే చెబుతాను. టంగుటూరు వైపు వెళ్లి కేసు వేయాలేమోనని భయపడుతుంటారు. అక్కర్లేదు. గృహహింస చట్టం కింద ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేయవచ్చు. మీకు కావలి కోర్టు చాలు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. 181కి చేస్తే సఖి కేంద్రం వాళ్లు రక్షణాధికారి దగ్గరికి చేర్చి, జరిగిన హింస మీద నివేదిక రాయిస్తారు.

ఆ దరఖాస్తులో లాయర్లు ఎక్కువగా భరణం ఒక్కటే అడుగుతారు. మీరు పట్టుబట్టి ఇవి కూడా రాయించండి: నగలు, సర్టిఫికెట్లు తిరిగి ఇప్పించడం, ఆస్తులు అమ్మకుండా, బ్యాంకు ఖాతాలూ లాకర్లూ వాడకుండా అతన్ని ఆపడం, ఆమె పనిచేసే చోటికి అతను రాకుండా ఉత్తర్వు, దెబ్బల వల్ల పోయిన కూలి, వైద్యం ఖర్చు. ఇవన్నీ చట్టంలో ఉన్నవే. అతను ఎక్కడైనా జీతానికి పనిచేస్తుంటే, డబ్బు కట్టనప్పుడు యజమాని నుంచే నేరుగా ఆమెకు ఇప్పించే వీలు కూడా 20వ సెక్షన్‌లో ఉంది. రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు.

“పనికి వెళితే భరణం రాదేమో” అని మీ పిన్ని భయపడుతోందని రాశారు. ఈ భయంతో ఆడపిల్లలను ఇంట్లో కూర్చోబెట్టడం చాలాచోట్ల చూస్తున్నాను. భార్య సంపాదిస్తున్నంత మాత్రాన భరణం హక్కు పోదని 2020లో రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పు అఫిడవిట్ వేయాలనీ, భరణం దరఖాస్తు తేదీ నుంచి లెక్కగట్టాలనీ అదే తీర్పులో ఉంది. అందుకే ఆలస్యం చేయకుండా వేయండి. కానీ భరణం డబ్బును నెల ఖర్చు లెక్కలో కలుపుకోవద్దు. అరవై రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది, ఆచరణలో వాయిదాలు పడుతూనే ఉంటాయి. వచ్చిన రోజు వచ్చినట్టు.

ఈలోపు పెద్దమనుషులు రాజీకి పిలుస్తారు. వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. వెళితే ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం మాత్రం చేయనివ్వకండి. ఒకేసారి ఇంత ఇస్తామని సెటిల్ చేసుకుంటే ఆ డబ్బు ఆమె ఖాతాలోకి బ్యాంకు ద్వారానే రావాలి, మధ్యవర్తి చేతికి కాదు.

ఇక పని. నెల జీతం అని ఎందుకంటున్నానంటే, ఇంత జరిగిన మనిషికి మొదటి ఏడాది లాభనష్టాల బెంగ పనికిరాదు. కుట్టు మిషన్ పెట్టుకున్న ఇల్లు మన ఊర్లలో వీధికి రెండు ఉంటాయి. పండగలకూ పెళ్లిళ్లకూ జాకెట్లు వస్తాయి, ఆషాఢంలో ఖాళీ. చుట్టుపక్కలవాళ్లు అప్పు పెడతారు, కొత్తగా వచ్చిన మనిషి గట్టిగా అడగలేదు. కోర్టు వాయిదాకు వెళ్లిన రోజు షాపు మూసేయాలి. కావలిలో ఆసుపత్రులు, బట్టల షాపులు, సూపర్ మార్కెట్లు పదో తరగతి చదివినవాళ్లను తీసుకుంటాయి. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి టికెట్ లేదు కాబట్టి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లొచ్చినా జీతం బస్సుకే పోదు. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో పని దొరుకుతుంది, వ్యానులో తీసుకెళ్తారు. అయితే చల్లటి నీళ్లలో గంటలకొద్దీ నిలబడే పని, సీజన్‌ను బట్టి షిఫ్టులు మారతాయి. చిన్నపిల్లల తల్లికి నేను మొదటి సలహాగా చెప్పను. తడ, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలు జీతం బాగానే ఇస్తాయి. పిల్లలను వదిలి హాస్టల్లో ఉండాల్సి వస్తుందేమో చూసుకోండి. భర్త నుంచి ప్రాణభయం ఉన్నవాళ్లకు మాత్రం ఆ దూరమే మేలు చేసింది.

జీతం వంద అటూ ఇటూ అయినా పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న చోటు చూడండి. ఈఎస్ఐ ఉంటే పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు అప్పు చేయక్కర్లేదు. చేరిన రోజే సూపర్‌వైజరుకో, గేటు దగ్గర సెక్యూరిటీకో అతని ఫొటో చూపించి, వస్తే లోపలికి పంపొద్దని చెప్పాలి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. వెళ్లిపోయిన మొదటి నెలల్లోనే మగవాళ్లు ఎక్కువగా వెంటపడతారు. గొడవ మొదలైతే 112.

పిల్లల బడి ఆగకూడదు, బడి ఆగితే ఆమె పని కూడా ఆగుతుంది. పాత స్కూలు టీసీ ఇవ్వడానికి తండ్రి అడ్డుపడుతున్నా, ఎనిమిదో తరగతి దాకా టీసీ లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. రేషన్ కార్డు విడదీయడానికీ, ఒంటరి మహిళ పింఛనుకు అర్హత ఉందో లేదో తెలుసుకోవడానికీ సచివాలయంలో అడగండి. పింఛనుకు వయసు, విడిగా ఉంటున్న కాలం చూస్తారు. ఇప్పుడు రాకపోయినా విడిగా ఉంటున్నట్టు రుజువులు ఈ రోజు నుంచే దాచుకోండి.

ఏడాది తర్వాత ఆమెకే కుట్టుపని మీద మనసుంటే అప్పుడు నేర్చుకోనివ్వండి. చీరాల పక్కన వేటపాలెం రుడ్‌సెట్ లాంటి స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో శిక్షణ, భోజనం, వసతి ఉచితం. ముందు ఒక మిషన్‌తో, సాయంత్రాలు ఇంట్లో ఫాల్, పీకో మొదలుపెట్టి గిరాకీ చూశాక ముద్రా శిశు లోను, అంటే 50,000 లోపు, ఆలోచించవచ్చు.

మీ లక్ష. ఇరవై వేలు ఆమె సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతా ఎనభై వేలు ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా కాకుండా ఇరవై వేల చొప్పున నాలుగుగా వేయించండి. అవసరం పడితే ఒకటే పగలగొట్టుకోవచ్చు, మూడు నిలుస్తాయి. బాండ్లు ఆమె దగ్గరే ఉండాలి.

మీ మనసు నొచ్చుకున్నా ఇంకో మాట చెప్పాలి. ఏటీఎం కార్డు అన్న జేబులోనో, పాసుబుక్కు నాన్న బీరువాలోనో పెట్టేసి, ‘దానికేం తెలుసు, మేం చూసుకుంటాం’ అనే పుట్టిళ్లను చాలా చూశాను. ప్రేమతోనే అంటారు. కానీ భర్త ఇంట్లో ఆమె విన్న మాట కూడా అదే. సెటిల్‌మెంట్ డబ్బు తమ్ముడి ట్రాక్టరుకు, ఇంటి స్లాబుకు పోయిన కేసులున్నాయి. ఆ ఆడపిల్ల మళ్లీ చేతులు చాచుకుని నిలబడింది. ఇంటి ఖర్చుకు ఆమె జీతంలో ఎంత ఇవ్వాలో మొదటి నెలలోనే ఆమెతో కూర్చుని మాట్లాడుకోండి, మిగతాది అడగకండి. తప్పు ఖర్చు పెట్టినా ఆమెనే పెట్టనివ్వండి. పదేళ్లుగా పది రూపాయలు కూడా సొంతంగా ఖర్చు పెట్టని మనిషికి ‘ఎంత కావాలి’ అంటే చెప్పడానికే కొన్ని నెలలు పడుతుంది.

మీరు రాసినదాంట్లో రెండు విషయాలు తెలియలేదు. ఆమె పేరున గ్రూపు లోను ఇంకా ఎంత మిగిలి ఉంది, నగలు కుదువలో ఉన్నాయా, ఉంటే రసీదు ఎవరి పేరున ఉంది? ఈ రెండూ ఆమెనే అడిగి తెలుసుకుని రాయండి. నగలు ఆమె పేరునే కుదువ పెట్టించి ఉంటే, కోర్టు కంటే ముందు ఆ బ్యాంకుకు ఉత్తరం ఇవ్వాల్సి ఉంటుంది. అది ఎలా రాయాలో చెబుతాను.